లక్ష రూపాయల రియల్ ఎస్టేట్ కోర్సు కొనాలా వద్దా? డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని

విజయనగరంలో డాక్యుమెంట్లు రాసే పని నాది. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇదివరకు "బాబూ, ఈ స్థలం కొనొచ్చా?" అని అడిగేవాళ్లు. ఈ మధ్య ప్రశ్న మారింది. ఫోన్ తెరిచి ఒక ప్రకటన చూపించి "అన్నా, ఈ కోర్సు కొనొచ్చా?" అంటున్నారు. పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, సెలవు మీద వచ్చిన జవాన్లు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సొంతూళ్లో నాలుగు రూపాయలు పెట్టాలనుకునే పిల్లలు, రిటైరైన మాస్టార్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. నాకు చూపించిన ఫీజులు 15 వేల నుంచి 2 లక్షల దాకా ఉన్నాయి. ప్రతి ఒక్కరికీ టీ కొట్టు దగ్గర నిలబడి అరగంట చెప్పడం నావల్ల కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. కోర్సులన్నీ మోసం అని నేననను. కాకపోతే వరస తప్పుతున్నారు. ముందు కోర్సు కొని, తర్వాత భూమి గురించి తెలుసుకుందామనుకుంటున్నారు. ముందు రెండు వారాలు సొంతంగా తిరగండి. తిరిగాక కూడా జవాబు దొరకని ప్రశ్నలు మిగిలితే, వాటి కోసం కోర్సు చూడండి. చాలామందికి ఆ రెండు వారాల తర్వాత కోర్సు మాటే గుర్తుండదు.

కావలసినవి

– ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో నోట్స్ వద్దు, చేత్తో రాస్తేనే గుర్తుంటుంది.
– రెండు ఆదివారాలు, ఇంకో రెండు పనిదినాలు. ఆఫీసులు ఆదివారం ఉండవు కదా.
– మీరు కొనగలిగే ధరలో ఉన్న ఏదో ఒక ప్లాటు సర్వే నంబరు. కొనక్కర్లేదు, పరీక్షకు చాలు.
– కోర్సువాళ్ల బ్రోచర్, సిలబస్, ఫీజు, రిఫండ్ షరతులు. నోటిమాట కాదు, రాతలో.
– "వద్దు" అని మొహం మీద చెప్పగల ఇంటి మనిషి ఒకరు.

1. ఎందుకు నేర్చుకోవాలో ఒక్క వాక్యంలో రాయండి

"రియల్ ఎస్టేట్‌లో సంపాదించాలి" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. "వచ్చే దసరా లోపు డెంకాడ మండలంలో 20 లక్షల్లో ఒక ప్లాటు కొనాలి" అనేది పనికొచ్చే వాక్యం. "ఉద్యోగం చేసుకుంటూ ప్లాట్లు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవాలి" అన్నా పనికొస్తుంది. మొదటి మనిషికి కావలసింది పత్రాలు చదవడం. రెండో మనిషికి కావలసింది రెరాలో, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థలో, ఏజెంటుగా నమోదు, నాలుగు ఊళ్లలో పరిచయాలు. ఇద్దరికీ ఒకే కోర్సు అమ్ముతున్నారంటే అందులో ఎవరికీ సరిపడే సరుకు లేనట్టే.

మూడో రకం వాళ్లు కూడా ఉన్నారు. అడ్వాన్సు ఇచ్చి ఎగ్రిమెంటు రాయించుకుని, గడువు లోపల ఇంకొకరికి తిప్పేసి మధ్యలో లాభం తీసుకోవాలనుకునేవాళ్లు. ఇది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న వ్యాపారమే. కోర్సుల్లో దీనికే ఇంగ్లీషు పేరు పెట్టి రహస్య సూత్రంలా చెబుతారు. గడువులోపు కొనేవాడు దొరక్కపోతే అడ్వాన్సు పోతుందన్న సంగతి మాత్రం చివరి రోజు చివరి పది నిమిషాల్లో వస్తుంది. వస్తే.

2. ఒక ప్లాటును మీరే పరిశీలించండి

ఈ మొత్తం వ్యాసంలో ముఖ్యమైన మెట్టు ఇదే. తొందరపడకండి. ఉదాహరణకు భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అమ్ముతున్న ఒక ప్లాటు తీసుకోండి. శ్రీకాకుళం వైపు వాళ్లయితే మూలపేట పోర్టు పేరు చెప్పేది తీసుకోండి. అమ్మేవాళ్లను సర్వే నంబరు అడగండి. "ముందు సైట్ చూడండి సార్, నంబరు తర్వాత ఇస్తాం" అంటే ఆ ప్లాటు వదిలేసి ఇంకోటి పట్టుకోండి. అప్పుడే మొదటి పాఠం అయిపోయింది, ఖర్చు లేకుండా.

నంబరు దొరికాక ఈ పనులు చేయండి.

మీభూమి వెబ్‌సైట్‌లో సాగు, హక్కుల వివరాలుండే అడంగల్, వన్‌–బి చూడండి. పేరు ఎవరిది, విస్తీర్ణం ఎంత, భూమి జిరాయితీయా (సొంత పట్టాదా) ప్రభుత్వానిదా రాసుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం నంబరు వచ్చింది. పాత దస్తావేజులో ఒక నంబరు, ఇప్పటి రికార్డులో ఒక నంబరు కనిపిస్తే కంగారు పడకండి. రెండూ ఒకే భూమివని సచివాలయంలో సర్వేయర్ దగ్గర కలుపుకోండి.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత భూముల జాబితా, అంటే 22ఏ చూడండి. ప్రభుత్వ భూములు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు, దేవాదాయ భూములు ఇందులో ఉంటాయి. మన జిల్లాలో దేవస్థానాల, ట్రస్టుల భూములు ఎక్కువ కాబట్టి ఈ పని అస్సలు మానకండి. డి–పట్టా, అంటే అసైన్డ్ భూమిని "మేం రెగ్యులరైజ్ చేయిస్తాం" అని అమ్మేవాళ్లుంటారు. అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించిన చట్టం 1977 నుంచి ఉంది. దానికి సడలింపులు వచ్చినా, ఏ భూమికి వర్తిస్తుందో తహసీల్దారు ఆఫీసు చెప్పాలి గాని బ్రోకరు కాదు.

అక్కడే ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయండి. ఈసీలో ఉన్న ప్రతి లావాదేవీని వరసగా నోటు పుస్తకంలో రాయండి: ఎవరు ఎవరికి, ఏ ఏడాది, ఎంత విస్తీర్ణం. గొలుసు ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. 2.40 ఎకరాలు కొన్నవాడు 3 ఎకరాలు అమ్మినట్టు ఉన్న ఈసీలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, ఈసీ శుభ్రంగా ఉంటే అంతా శుభ్రం అనుకోవడం. రిజిస్టర్ కాని ఎగ్రిమెంట్లు, కుటుంబంలో నోటిమాట పంపకాలు, చాలా కోర్టు కేసులు ఈసీలో కనబడవు. ఆన్‌లైన్ ఈసీ కంప్యూటర్లోకి ఎక్కించిన కాలానికి మాత్రమే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి.

లేఅవుట్ అయితే దాని అనుమతికి ఇచ్చిన ఎల్‌పీ నంబరు, రెరా నంబరు అడిగి, ఏపీ రెరా వెబ్‌సైట్‌లో సరిచూడండి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఅవుట్‌కు రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. విశాఖ వైపు మండలాలకు వీఎంఆర్‌డీఏ, బొబ్బిలి చుట్టుపక్కల బుడా, శ్రీకాకుళం చుట్టుపక్కల సుడా అనే అభివృద్ధి సంస్థలు అనుమతులు ఇస్తాయి. "పంచాయతీ అప్రూవల్ ఉంది" అన్నమాట వింటే ఆగండి. బ్రోచర్ మీద నంబరు ఉంటే చాలదు. వెబ్‌సైట్‌లో కనిపించే సర్వే నంబర్లలో మీ నంబరు ఉందో లేదో చూడాలి. పక్క లేఅవుట్ నంబరు వేసుకుని తిరిగేవాళ్లు ఉన్నారు.

ఇక కాళ్లకు పని. వర్షం పడిన మర్నాడు స్థలం దగ్గరికి వెళ్లండి. గెడ్డ ఎటు పారుతోంది, నీళ్లు ఎక్కడ నిలిచాయి, హైటెన్షన్ తీగలు ఎక్కడున్నాయి చూడండి. పక్క పొలం రైతును పలకరించండి. "తాతా, ఈ బీడు ఎవరిదే?" అంటే ఈసీలో లేని చరిత్ర బయటికొస్తుంది. సముద్రం దగ్గరైతే పోటు నీళ్లు చేరే గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ నిబంధనలు ఉంటాయి. విమానాశ్రయం చుట్టూ భవనాల ఎత్తుకు పరిమితులు ఉంటాయి. "ఎయిర్‌పోర్టుకు రెండే కిలోమీటర్లు" అనేది గొప్పే కాదు, ఇబ్బంది కూడా.

ఇదంతా అయ్యాక పుస్తకంలో చివరి పేజీలో మీకు అర్థం కాని విషయాలు రాయండి. లింకు డాక్యుమెంట్ ఎన్నేళ్ల వెనక్కి చూడాలి? చుక్కల భూమి అంటే ఏమిటి? వీలునామాతో వచ్చిన ఆస్తికి వారసులందరి సంతకాలు కావాలా? సాధారణంగా ఈ జాబితా పది ప్రశ్నలు దాటదు. కోర్సును కొలిచే కర్ర ఇదే, దాచుకోండి.

3. మొత్తం ఫీజు ఎంతో తేల్చుకోండి

ప్రకటనలో కనిపించేది మొదటి మెట్టు ఫీజు మాత్రమే. ఉచిత వెబినార్, తర్వాత 499 రూపాయల "మాస్టర్ క్లాస్", తర్వాత విశాఖలో హోటల్లో మూడు రోజుల శిక్షణ, ఆ తర్వాత లక్షన్నర "మెంటార్‌షిప్". ఈ మెట్ల పద్ధతి అమెరికాలో బాగా అరిగిపోయింది. 2005లో మొదలైన ట్రంప్ యూనివర్సిటీ ఉచిత సభలు పెట్టి 1,495 డాలర్లకు మూడు రోజుల శిక్షణ అమ్మేది. ఆ మూడు రోజుల్లో 34,995 డాలర్ల మెంటార్‌షిప్ కొనమని ఒత్తిడి చేసేవాళ్లని విద్యార్థులు కోర్టుకెక్కారు. ట్రంప్ తరఫువాళ్లు తప్పు ఒప్పుకోకుండానే 2016 నవంబరులో 2.5 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. అంటే మూడు రోజుల తరగతికి కూడా పాఠం చెప్పడం కన్నా పై మెట్టు అమ్మడం పెద్ద పని అయిపోయిందన్నమాట.

అందుకని ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్న: "దీని తర్వాత మీ దగ్గర ఇంకా ఏమేం కోర్సులు ఉన్నాయి, వాటి ఫీజులెంత? వాట్సాప్‌లో పెట్టండి." పెట్టకపోతే పెద్ద మెట్టు పైన ఉందని అర్థం.

ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపారా లేదా అడగండి. 50 వేలు అన్నది 59 వేలు అవుతుంది. ఈఎంఐ ఇస్తామంటే ఆ అప్పు ఎవరి పేరు మీద, ఏ ఫైనాన్స్ కంపెనీదో చూడండి. చాలాసార్లు అది మీ పేరు మీద తీసిన లోను. కోర్సు మధ్యలో ఆగిపోయినా వాయిదా ఆగదు. బంగారం కుదువ పెట్టి కోర్సు కట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ బంగారమే రేపు ప్లాటు అడ్వాన్సుకు పనికొస్తుంది.

4. సిలబస్‌ను మీ ప్రశ్నల జాబితా పక్కన పెట్టండి

ఇప్పుడు చివరి పేజీ తీయండి. మీ పది ప్రశ్నల్లో ఎన్నింటికి సిలబస్‌లో పాఠం ఉందో టిక్కు పెట్టుకోండి. ఆరు కన్నా తక్కువ టిక్కులుంటే ఆ కోర్సు మీది కాదు.

మూడు రకాల సిలబస్‌లు జాగ్రత్తగా చూడాలి.

మొదటిది హైదరాబాద్ సరుకు. తెలుగులో ఉంది కదా అని మనదే అనుకుంటాం. తెలంగాణ భూరికార్డుల ధరణి, దాని తర్వాత వచ్చిన భూభారతి, హెచ్‌ఎండీఏ, అక్కడి మార్కెట్ ధరలు. చెప్పేవాళ్లు నిజాయితీపరులే కావచ్చు, కాని చీపురుపల్లిలో ప్లాటు కొనేవాడికి ధరణి పాఠం దేనికి? "మీభూమి, 22ఏ, ఎల్‌పీఎం నంబర్ల గురించి ఎన్ని గంటలు చెబుతారు?" అని అడగండి. పార్వతీపురం వైపు, ఏజెన్సీ అంచున కొనాలనుకునేవాళ్లు 1/70 చట్టం గురించి కూడా అడగండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదన్న ఆ ఒక్క ముక్క తెలియక మునిగినవాళ్లున్నారు.

రెండోది అమెరికా సరుకు. పన్ను కట్టని ఇళ్ల మీద సర్టిఫికెట్లు కొనడం, హోల్‌సేలింగ్ (పైన చెప్పిన ఎగ్రిమెంటు తిప్పడమే), అద్దెతోనే లోను తీర్చేయడం. మన మున్సిపాలిటీలు పన్ను బకాయిల మీద అలాంటి సర్టిఫికెట్లు జనానికి అమ్మవు. "సున్నా పెట్టుబడితో ఇల్లు" అనే పాఠం ఉంటే రిజర్వు బ్యాంకు నిబంధన గుర్తుంచుకోండి: ఇంటి లోను 30 లక్షల దాకా విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదు. మిగతాది ఎవరి జేబులోంచి వస్తుంది? జవాబు "పర్సనల్ లోను" అయితే అది పెట్టుబడి లేకపోవడం కాదు, రెండు అప్పులు.

మూడోది ఉచితంగా దొరికేదాన్ని అమ్మడం. బ్యాంకు వేలాల కోర్సులు ఇప్పుడు జోరుగా ఉన్నాయి. ప్రభుత్వ బ్యాంకులు వేలం వేసే ఆస్తులు బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. వేలం గెలిస్తే అదే రోజు గాని మర్నాటి పనిదినానికి గాని 25 శాతం, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. అసలు పాఠం ఇక్కడుంది: ఇంట్లో పాత యజమాని ఉంటే ఖాళీ చేయించేది ఎవరు, కరెంటు బిల్లు, పన్ను బకాయిలు ఎవరివి. సిలబస్‌లో ఈ ముక్క లేకుండా "సగం ధరకే ఆస్తులు" మాత్రమే ఉంటే వదిలేయండి.

5. చెప్పే మనిషి ఎలా బతుకుతున్నాడో కనుక్కోండి

ఇది మొహమాటపడే ప్రశ్న కాదు. "సార్, మీకు ఎక్కువ ఆదాయం భూముల మీదనా, కోర్సుల మీదనా?" అని సభలోనే లేచి అడగండి. కోర్సుల మీద అని నిజం చెబితే నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది. అలాంటివాళ్లు తక్కువ.

మన జిల్లాల్లో ఆయన చేసిన మూడు లావాదేవీల డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు అడగండి. ఆ మూడూ ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు. "క్లయింట్ ప్రైవసీ" అంటే, "క్లయింట్లవి వద్దు సార్, మీ సొంతవే చెప్పండి" అనండి. లావాదేవీ చేసిన మాట నిజమే అయినా కొన్నది ఎంతకు, అమ్మింది ఎంతకు, మధ్యలో ఎన్నేళ్లు అన్నది చూడాలి. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే నెలలో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి కొబ్బరికాయ రోజున కొన్నవాడికి, రెండో కొబ్బరికాయ రోజున కొన్నవాడికి లాభం ఒకేలా ఉండదు. స్లైడు మీద మాత్రం ఒకే బాణం గుర్తు పైకి వెళుతూ ఉంటుంది.

హెచ్చరిక: తరగతిలోనే ప్లాట్లు అమ్మితే అది కోర్సు కాదు. మీరు డబ్బు కట్టి మరీ వింటున్న అమ్మకాల ప్రచారం. "విద్యార్థులకు మాత్రమే ప్రీ–లాంచ్ ధర" అన్నారంటే వెంటనే రెరా నంబరు అడగండి. నంబరు రాకముందు బుకింగ్ తీసుకోవడం చట్టానికి విరుద్ధం. నంబరు వచ్చాక కూడా రిజిస్టర్ చేసిన ఎగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

6. గజం లెక్క వేయండి

ఇంతవరకూ వచ్చి కోర్సు బాగానే ఉందనిపిస్తే, కాగితం తీసి ఈ లెక్క వేయండి. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు పెట్టుకోండి.

200 గజాల ప్లాటు, గజం 10,000. అంటే 20 లక్షలు. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం: 1,50,000. బ్రోకరుకు 1 శాతం: 20,000. లాయరు అభిప్రాయం, ఈసీ, సర్వే అన్నీ కలిపి 10,000 అనుకుందాం. చేతిలోంచి వెళ్లింది 21,80,000.

ఇదే డబ్బు 7 శాతం వడ్డీకి బ్యాంకులో మూడేళ్లు పడుకుంటే సుమారు 26,70,000 అవుతుంది. అమ్మేటప్పుడు మళ్లీ బ్రోకరుకు 1 శాతం. కాబట్టి మూడేళ్ల తర్వాత ప్లాటు 27 లక్షలకు, అంటే గజం 13,500కు అమ్ముడైతే బ్యాంకుతో సమానం అయ్యారు. లాభం ఇంకా మొదలు కాలేదు. పన్ను రెండు వైపులా ఉంటుంది కాబట్టి కలపలేదు. భూమి మీద లాభానికి, రెండేళ్లు దాటి అట్టిపెట్టుకుంటే, ఇప్పుడు 12.5 శాతం.

"రెండేళ్లలో రెట్టింపు" అని చెప్పే కోర్సువాళ్లు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తారేమో అడగండి. రిజిస్ట్రేషన్ ఖర్చు కలపకుండా లాభం చూపించే స్లైడును నేను కళ్లారా చూశాను. పక్కన కూర్చున్న మా బావమరిది చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు కోర్సు. 59,000ను 200తో భాగిస్తే గజానికి 295 రూపాయలు. ప్రశ్న ఇలా మారింది: "ఈ కోర్సు వల్ల నేను గజానికి 295 తగ్గించి బేరం చేయగలనా? లేకపోతే చెడ్డ ప్లాటు కొనకుండా తప్పించుకోగలనా?" మొదటిది ఊళ్లో మేస్త్రీ తోడుంటే ఊరికే జరుగుతుంది. రెండోది లాయరుకు ఇచ్చే కొన్ని వేలతో జరుగుతుంది. కోటి రూపాయల భూమి కొనేవాడికైతే 59 వేలు పెద్ద లెక్క కాదు, అతనికి కోర్సు గిట్టుబాటు కావచ్చు. 20 లక్షలవాడికి అది మొత్తం డబ్బులో దాదాపు 3 శాతం.

7. పాత విద్యార్థులతో మాట్లాడండి, వాళ్లు ఇచ్చిన నంబర్లతో కాదు

వీడియోల్లో కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడేవాళ్లను ఎక్కడ తీశారో గమనించండి. మెడలో శిక్షణ ట్యాగు, వెనక హోటల్ బ్యానర్. అంటే చివరి రోజు సాయంత్రం తీసినవి. అప్పటికి వాళ్లు ఏమీ కొనలేదు, అమ్మలేదు. ఉత్సాహం మాత్రం నిజమే.

ఏడాది క్రితం చేరినవాళ్లను వెతకండి. వీడియోల కింద వ్యాఖ్యలు రాసినవాళ్లు, మీ ఆఫీసులో ఎవరో, ఊళ్లో ఎవరో ఉంటారు. మూడే అడగండి. కోర్సు తర్వాత ఏం కొన్నావు? కోర్సు లేకపోతే అది కొనేవాడివి కాదా? నన్ను చేర్పిస్తే నీకేమైనా వస్తుందా? మూడో ప్రశ్నకు గొంతు తడబడితే సంభాషణ అక్కడే ముగించి టీ తాగి వచ్చేయండి. కోర్సు కొన్నవాడు ఇంకో ఇద్దర్ని చేర్పిస్తేనే డబ్బు తిరిగొచ్చే ఏర్పాటు ఉంటే అది చదువు కాదు, గొలుసు కట్టు వ్యాపారం.

8. ఏడు రోజులు ఆగి, రాతలో తీసుకుని, అప్పుడు కట్టండి

"ఈ రాత్రి 12 గంటల వరకే ఈ ధర సార్" అని ఫోన్ వస్తుంది. "సరే అమ్మా, వచ్చే ఆదివారం నేనే చేస్తాను" అని పెట్టేయండి. వచ్చే ఆదివారం కూడా అదే ధర ఉంటుంది, పందెం. ఉచిత సభలో భోజనం పెట్టారని మొహమాటపడి సంతకం చేసినవాళ్లు నాకు కనీసం నలుగురు తెలుసు. బిర్యానీ 200 రూపాయలు, సంతకం 59 వేలు.

కట్టే ముందు చేతికి రావాల్సినవి: సంస్థ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్న ఇన్‌వాయిస్ (నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి పేరు కలుస్తుందో చూడండి), ఎన్ని గంటల తరగతులు, ఎవరు చెబుతారు, రిఫండ్ ఎన్ని రోజుల్లో. "మెంటార్" అన్నది ఆ వీడియోలో కనిపించే మనిషా, ఇరవై రెండేళ్ల టెలికాలరా అన్నది కూడా. వ్యక్తిగత ఫోన్ పే నంబరుకు డబ్బు పంపవద్దు. కంపెనీ ఖాతాకే పంపండి.

ఎప్పుడు కొనమంటాను

ఏజెంటుగానే బతకాలనుకునేవాళ్లకు, పెద్ద మొత్తంలో కొనేవాళ్లకు, ఊరికి దూరంగా ఉండి తిరగలేనివాళ్లకు మంచి కోర్సు ఉపయోగమే. పత్రాలు చేతికిచ్చి చదివించేది, తప్పు పత్రం పెట్టి కనిపెట్టమనేది, మన రాష్ట్రం చట్టాల మీద నడిచేది, కొన్ని వేలల్లో అయిపోయేది అయితే నేనే వెళ్లమంటాను. పోల్చుకోవడానికి ఒకటి: భూములు, భవనాల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ కావాలంటే సంబంధిత చదువు, అనుభవం ఉన్నవాళ్లు కూడా 50 గంటల శిక్షణ తీసుకుని పరీక్ష రాయాలి. మూడు రోజుల్లో నిపుణుణ్ని చేస్తామనేవాళ్లను దాని పక్కన పెట్టి చూడండి.

డబ్బు పెట్టకుండా నేర్చుకునే దారి కూడా ఉంది. నాలుగు శనివారాలు ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గరో, సివిల్ లాయరు దగ్గరో కూర్చుంటామని అడగండి. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్ల దగ్గర వచ్చే చదువు ఏ హోటల్లోనూ దొరకదు.

కోర్సు పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

చేరే ముందు, రెండో మెట్టులో చూసిన ప్లాటు మీద ఒక పేజీ నివేదిక రాసి పెట్టుకోండి. కోర్సు అయ్యాక కొత్త ప్లాటు ఒకటి తీసుకుని ఇంకో నివేదిక రాయండి. రెండూ ఒక లాయరుకు చూపించి తప్పులు, వదిలేసినవి గుర్తు పెట్టమనండి. మొదటిదానిలో ఎనిమిది ఎర్ర గీతలు, రెండోదానిలో రెండు ఉంటే డబ్బు దండగ కాలేదు. రెండింట్లోనూ ఎనిమిదే ఉంటే మీకు వచ్చింది ఉత్సాహం మాత్రమే. ఈ పరీక్ష రిఫండ్ గడువు లోపలే చేయండి.

ఇప్పటికే కట్టేశారా?

సిగ్గుపడి ఊరుకోవద్దు. మా బావమరిది ఆరు నెలలు ఇంట్లో చెప్పలేదు, అంతలో రిఫండ్ గడువు దాటిపోయింది. ముందు ప్రకటన, వాట్సాప్ మాటలు, ఇన్‌వాయిస్ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, ప్రకటనలు మాయమవుతుంటాయి. తర్వాత సంస్థకు ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అసలు కోర్సే లేదు, డబ్బు తీసుకుని నంబరు ఆపేశారంటే 1930కి వెంటనే చెప్పండి, గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఉత్తరం ఇలా రాస్తే చాలు, పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు:

"ఫలానా తేదీన ఫలానా ఇన్‌వాయిస్ నంబరు మీద మీ కోర్సుకు ఇన్ని రూపాయలు కట్టాను. మీ ప్రకటనలో ఇన్ని గంటల తరగతులు, ఫలానా వ్యక్తి మార్గదర్శనం ఉంటుందని చెప్పారు. ఇప్పటివరకు ఇన్ని గంటలే జరిగాయి, ఆ వ్యక్తి ఒక్క తరగతి కూడా చెప్పలేదు. నా డబ్బు 15 రోజుల్లో ఇదే ఖాతాకు తిరిగి పంపాలి. పంపకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ప్రకటన, చెల్లింపు రసీదు కాపీలు జతచేశాను."

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు. పోస్టాఫీసు రసీదును ఇన్‌వాయిస్‌తో కలిపి పిన్ను కొట్టి పెట్టుకోండి.